నెత్తి స్కాన్ రాసిండ్రా? పోయే ముందు ఈ పనులు చేసుకోండి

నల్లగొండలో ఒక స్కానింగ్ సెంటర్‌లో, అద్దానికి ఇవతల కూర్చుని మెషీన్ నడిపించే పని నాది. రోజూ వినే మాట ఒకటుంది: "సార్, చిన్న స్కాన్ రాసిండ్రు. పైసలు పోతే పోయినయి, పెద్ద స్కానే తియ్యిండ్రి." చిన్న స్కాన్ అంటే ఎక్స్‌రేలతో తీసే సీటీ, పెద్ద స్కాన్ అంటే అయస్కాంతంతో తీసే ఎంఆర్ఐ. రేటు చూసి జనం పెట్టుకున్న పేర్లివి. కానీ తలలో రక్తం కారుతోందా అని అర్జెంటుగా తెలుసుకోవాల్సినప్పుడు ఆ చిన్న స్కానే పెద్ద పని చేస్తుంది. ఆరు నెలలుగా ఫిట్స్ వస్తున్న పిల్లాడికి అదే సీటీ చాలాసార్లు ఏమీ చూపించదు. డాక్టర్ మనసులో ఏ అనుమానం ఉందో దాన్ని బట్టే మెషీన్. ఆ అనుమానం సరైనది కావాలంటే మీరు చెప్పే సంగతులు సరిగ్గా ఉండాలి. కాబట్టి మీ పని స్కాన్ గదిలో మొదలు కాదు, ఇంట్లోనే మొదలవుతుంది.

ముందు గడియారం చూడండి

మూతి ఒక పక్కకు పోయింది, ఒక చెయ్యి లేవట్లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. ఫోన్ పెట్టేయగానే టైమ్ ఎంతయిందో చేతి మీదైనా సరే రాసుకోండి. ఆసుపత్రిలో డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది: "చివరిసారి మంచిగా ఎప్పుడు చూసిండ్రు?" రాత్రి 10 గంటలకు అన్నం తిని, ముచ్చట పెట్టి పడుకున్న మనిషి పొద్దున 6 గంటలకు చెయ్యి పడిపోయి లేస్తే లెక్క 10 గంటల నుంచే. చాలామంది "గిప్పుడే అయింది సార్" అంటారు. ఆ మాట నమ్మి మందు ఎక్కిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మెదడులో రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా మొదటి 4.5 గంటల లోపే ఇస్తారు. పెద్ద నాళం మూసుకుపోయినవాళ్లలో కొందరికి, స్కాన్‌లో మెదడు ఇంకా మిగిలి ఉందని కనిపిస్తే, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్సను 24 గంటల వరకూ చేస్తారు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బయల్దేరితే దారిలోనే గంటకు పైగా పోతుంది. మధ్యలో పక్షవాతానికి పసరు పోసే చోట ఆగితే ఆ రోజు అవకాశం అక్కడే పోయినట్టు.

ఇంకో పొరపాటు మా దగ్గరే చూస్తుంటాను. ఆటోలో మనిషిని వేసుకుని నేరుగా స్కానింగ్ సెంటర్‌కు వస్తారు, ముందు ఫోటో తీయించి తర్వాత ఆసుపత్రి వెతుకుదామని. మా దగ్గర ఫోటో ఉంది, ఇంజెక్షన్ లేదు. సీటీ, దాన్ని చూసే డాక్టర్, ఆ మందు మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికే పోవాలి. అంబులెన్స్‌లో వచ్చినవాళ్లను అదే మాట అడగండి. నోట్లో నీళ్లు, మాత్రలు ఏవీ పోయకండి, మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. "గుండెకు మంచిది" అని ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ కూడా వద్దు. లోపల ఉన్నది గడ్డో, రక్తస్రావమో సీటీ తీసేదాకా ఎవరికీ తెలియదు. షుగర్ చూసే మెషీన్ ఇంట్లో ఉంటే ఒక చుక్క చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతం లాగే కనిపిస్తుంది.

సీటీ ఫిల్మ్ మీద కొత్తగా కారిన రక్తం తెల్లగా, సున్నం పూసినట్టు కనిపిస్తుంది. దానికి నిమిషాలు చాలు. గడ్డ అడ్డుపడి రక్తం అందని భాగం మాత్రం మొదటి కొన్ని గంటలు సీటీలో దాదాపు మామూలుగానే ఉంటుంది. మిర్యాలగూడ నుంచి తండ్రిని తీసుకొచ్చిన ఒక పిలగాడు రిపోర్టు పట్టుకుని నా మీద కోపానికొచ్చాడు: "నార్మల్ అని రాసిండ్రు. నార్మల్ అయితే మా బాపు చెయ్యి ఎందుకు పడిపోయింది?" ఆ పూట "నార్మల్" అంటే "రక్తం కారలేదు, ఇంజెక్షన్ గురించి ఆలోచించొచ్చు" అని. వాళ్లకు అంతకన్నా మంచి వార్త ఆ రాత్రి లేదు. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. అది రక్తం అందని భాగాన్ని నిమిషాల్లోనే వెలుగుతున్న మచ్చలా చూపిస్తుంది. కానీ ఎంఆర్ఐకి మనిషిని సిద్ధం చేసే టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి చాలాచోట్ల ముందు సీటీయే తీస్తారు.

అర్జెంటు కాకపోతే, జరిగింది కాగితం మీద పెట్టండి

ఒక అర పేజీ చాలు. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు వచ్చింది, ఎటువైపు చెయ్యి ఎటువైపు కాలు, వచ్చే ముందు ఏం చేస్తున్నారు, వేసుకునే మందులేమిటి. మాత్రల అట్టలు కూడా ఒక కవర్లో వేసుకోండి. రంగు చెప్పి "తెల్ల గోళి" అంటే లోకంలో సగం గోళీలు తెల్లవే.

ఫిట్స్ అయితే అన్నిటికన్నా విలువైనది సెల్‌ఫోన్ వీడియో. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం మానేసి, మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఒకరు పక్కన ఉండి చూసుకుంటే ఇంకొకరు వీడియో తీయండి, టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటితే 108. కళ్లు ఎటు తిరిగాయి, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది అన్నది వీడియోలో చూసి న్యూరాలజిస్ట్ మెదడులో ఏ చోటును వెతకాలో నాకు చీటీ మీద రాసి పంపుతాడు. "ఫిట్స్" అని ఒక్క ముక్క రాసిన చీటీకీ, "ఎడమ చెయ్యి ముందు కొట్టుకుంటుంది, కుడి పక్క మెదడు పలచటి ముక్కలుగా తీయండి" అని రాసిన చీటీకీ నేను తీసే స్కాన్‌లో తేడా ఉంటుంది.

ఇప్పుడు మన జిల్లాల్లో ఎవరూ చెప్పడానికి ఇష్టపడని సంగతి. కల్లు. చెట్టు కల్లు గురించి కాదు, మత్తు మందు కలిపిన కల్లు గురించి అంటున్నాను. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన కల్లు ఏళ్ల తరబడి తాగిన మనిషి ఏ కారణం వల్లో దాన్ని ఉన్నపళంగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా వస్తాయి. అట్లాంటి మనిషిని మెషీన్‌లో పెడితే చాలాసార్లు మెదడు మామూలుగానే ఉంటుంది. ఇంటివాళ్లు "తాగడు సార్, ఎన్నడన్న పండుగకు" అంటారు. పాపం డాక్టర్ అసలు కారణం వదిలేసి ఇంకో పది పరీక్షలు రాస్తాడు. రోజుకు ఎన్ని సీసాలు, ఎప్పుడు ఆపాడు, చెప్పేయండి. డాక్టర్ పోలీసులకు చెప్పడు, ఊర్లో చెప్పడు. తాగి ఎక్కడన్నా పడ్డాడా అన్నది కూడా చెప్పండి. అప్పుడు స్కాన్ అవసరం వేరే కారణానికి వస్తుంది.

పడటం అంటే గుర్తొచ్చింది. తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుణ్ని ఆ గంటలోనే తీసుకొస్తారు, ఆలోచించే పని లేదు. ముసలివాళ్ల సంగతే మోసం చేస్తుంది. బాత్రూంలో జారి తల గోడకు తగిలింది, బొప్పి కట్టింది, తగ్గింది, అందరూ మరిచిపోయారు. మూడు వారాలకో నెలన్నరకో ముసలమ్మ మబ్బుమబ్బుగా ఉంటుంది, నడకలో తూలుతుంది, మనవడి పేరు మరిచిపోతుంది. "వయసు మీద పడ్డది" అని ఊరుకుంటారు. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరి ఉండొచ్చు, సీటీలో తేలిగ్గా తెలుస్తుంది, ఆపరేషన్‌తో తీసేస్తే మనిషి మళ్లీ మనిషవుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. రెండు నెలల కిందట పడ్డ సంగతి కూడా కాగితం మీద రాయండి.

నెత్తిదా, మెడదా?

మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు కాళ్లు బిగుసుకుపోయాయి, ఇద్దరు పట్టుకుంటే గానీ అడుగు పడదు. ఎవరో "నెత్తిలో నరం చెడ్డది" అన్నారు, కొడుకులు అప్పు చేసి మెదడు ఎంఆర్ఐ తీయించారు. మెదడు బాగానే ఉంది. ఆయన మెషీన్ మంచం మీద పడుకునేటప్పుడు చూశాను. మెడ తిరగదు. నడుము వంగదు. పలక మీద పెట్టిన కర్రలా పడుకున్నాడు. పళ్ల మీద పసుపు గోధుమ చారలు.

మన దగ్గర బోరునీళ్ల ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు దశాబ్దాలు తాగినవాళ్లలో వెన్నెముక ఎముకలు దట్టంగా అవుతాయి, వాటిని కట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) కూడా గట్టిపడి ఎముకలా మారతాయి, వెన్నుపాము నడిచే దారి ఇరుకవుతుంది. మెడలో నలిగితే కాళ్లూ చేతులూ, నడుము పైభాగంలో నలిగితే కాళ్లూ చచ్చుబడతాయి. ఆ పెద్దాయనకు కావలసింది మెడ, వెన్ను ఎంఆర్ఐ. గట్టిపడ్డ ఎముక ఎంతుందో చూడటానికి సీటీ. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లల సంగతి వేరు, కానీ అరవై దాటినవాళ్ల ఒంట్లో పాత నీళ్ల లెక్క అట్లాగే ఉంది.

ఇంట్లో ఒక మోటు గుర్తు పెట్టుకోండి. ఒకే వైపు చెయ్యి, కాలు, మూతి కలిసి పోతే అనుమానం తల మీద. రెండు కాళ్లూ కలిసి బిగుసుకుపోతే, మూత్రం అదుపు తప్పితే, ముఖం, మాట బాగుంటే అనుమానం వెన్ను మీద. తేల్చేది డాక్టరే. అయితే మీది ఏ ఊరు, ఏ నీళ్లు తాగి పెరిగారు అన్నది మీ నోటి నుంచి రావాలి, హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్‌కు మీ బోరు సంగతి కలలోకి రాదు.

తలనొప్పికి స్కాన్ కావాలా

చాలావాటికి అక్కర్లేదు. పదేళ్లుగా నెలకు రెండుసార్లు వచ్చి, వాంతి అయి, చీకట్లో పడుకుంటే తగ్గే ఒకవైపు తలనొప్పి మైగ్రేన్ కావచ్చు, స్కాన్‌లో కనిపించదు. కిందివి మాత్రం వేరు: జీవితంలో ఎన్నడూ రానంత నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా రావడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, పొద్దున లేవగానే నొప్పీ వాంతీ, చూపు మసకబారడం, యాభై దాటాక కొత్తగా మొదలవడం.

బాలింతల తలనొప్పిని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. కాన్పు తర్వాత వారాల్లో రక్తం చిక్కబడి మెదడులోని సిరలో గడ్డ కట్టడం మన దేశంలో డాక్టర్లు తరచూ చూసే జబ్బు. బాలింతకు నీళ్లు ఎక్కువ తాగనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి, అది మంటకు ఎండు పుల్ల వేసినట్టే. తలనొప్పితో పాటు ఫిట్స్ వచ్చినా, చూపు తగ్గినా, "కాన్పయి ఇన్ని రోజులైంది" అని మొదటి మాటగా చెప్పండి. అప్పుడే డాక్టర్ మామూలు ఎంఆర్ఐతో పాటు వీనోగ్రామ్ కూడా రాస్తాడు, అంటే సిరల ఫోటో. మామూలు సీటీలో ఈ గడ్డ చాలాసార్లు దొరకదు.

ఎక్కడ తీయించాలి, ఎంతవుతుంది

నల్లగొండలో సర్కారు మెడికల్ కాలేజీ 2019లో వచ్చింది, మహబూబ్‌నగర్‌లో 2016లోనే. వాటి జనరల్ ఆసుపత్రులను ముందు అడగండి. పెద్ద కేసులకు బీబీనగర్ ఎయిమ్స్, పంజాగుట్ట నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. బస్సెక్కే ముందు ఫోన్ చేసి "ఇవాళ మెషీన్ నడుస్తుందా, నెంబర్ ఎన్ని రోజులకు ఇస్తరు" అని కనుక్కుంటే ఒక రోజు కూలి మిగులుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది, అయితే బయట సెంటర్‌లో మీరే కట్టి తీయించుకున్న స్కాన్‌కు తర్వాత పైసలు వస్తాయని ఆశ పెట్టుకోకండి. ఆసుపత్రిలో చేరేటప్పుడే అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి.

ప్రైవేటులో రేటు అడిగేటప్పుడు నాలుగు ప్రశ్నలు కలిపి అడగండి: కాంట్రాస్ట్ మందు (స్కాన్ కోసం నరంలోకి ఎక్కించేది) లెక్కలో ఉందా, ఫిల్ములూ సీడీ ఇస్తారా, రిపోర్టు ఎప్పుడు, ఎంఆర్ఐ మెషీన్ ఎన్ని టెస్లాలు (అంటే అయస్కాంతం బలం). మామూలు జబ్బులకు 1.5 టెస్లా చాలు. మందులకు లొంగని మూర్ఛకు, చిన్న మచ్చలు వెతకడానికి 3 టెస్లా మేలు. అవసరం లేకుండా 3 కోసం హైదరాబాద్ పరిగెత్తకండి.

పెట్ స్కాన్ మాట కూడా వింటుంటారు. మెదడు ఎక్కడ చక్కెరను ఎంత వాడుకుంటోందో అది చూపిస్తుంది. మతిమరుపు జబ్బుల్లో కొన్నిటిని విడదీయడానికి, ఆపరేషన్‌కు ముందు మూర్ఛ పుట్టే చోటు వెతకడానికి వాడతారు. దానికి హైదరాబాద్ పోవాలి. మీ ఇంటి పెద్దాయన మతిమరుపుకు అది మొదటి మెట్టు కాదు. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు, ఒక మామూలు స్కాన్, ఆ తర్వాతే దాని సంగతి.

ఎంఆర్ఐ రోజు: పుస్తెలతాడు నుంచి మొదలుపెట్టండి

1.5 టెస్లా అంటే భూమి అయస్కాంతం కన్నా దాదాపు 30,000 రెట్లు. స్కాన్ లేనప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, స్విచ్ ఆపినట్టు ఆపలేం. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి పోయాడు. అయస్కాంతం సిలిండర్‌నూ ఆయన చేతినీ కలిపి లాగింది, ఆయన ప్రాణం పోయింది. నేను తలుపు దగ్గర గట్టిగా అరిస్తే కోపం పెట్టుకోకండి.

మగవాళ్లయితే బెల్టు, సెల్లు, తాళాలు, ఏటీఎం కార్డు, మొలతాడుకున్న వెండి బిళ్ల, దండకున్న తాయెత్తు. తాయెత్తులో రేకు ఉంటుంది, గుర్తు పెట్టుకోండి. కట్టుడు పళ్లు, చెవి మెషీన్ తీసేయాలి. ఆడవాళ్లకు ముక్కుపుడక, మెట్టెలు, జడ పిన్నులు. ముందు రాత్రే ఇంట్లో సబ్బు నురగ పెట్టి మెట్టెలు వదులు చేసుకుంటే ఇక్కడ నూనె కోసం వెతకక్కర్లేదు. దేవరకొండ తండాల నుంచి వచ్చే లంబాడా అమ్మలకు గాజులు, కడియాలు, జడ ఆభరణాలు తీయడానికే గంట పడుతుంది. వాళ్లకు పొద్దున్నే నెంబర్ ఇవ్వమని నేనే అడుగుతాను. పచ్చబొట్లు ఉంటే చెప్పండి, కొన్ని రంగులు వేడెక్కుతాయి. చుర్రుమంటే వెంటనే బెల్ నొక్కాలి.

పుస్తెలతాడు దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగుతాం. బంగారాన్ని అయస్కాంతం లాగదు, కానీ అది వేడెక్కొచ్చు, మెడ దగ్గర ఫోటో చెడగొడుతుంది. పైగా ఆ తాడుకు గుచ్చి ఉండే పిన్నీసులు! ఒకామెకు ఏడు లెక్కపెట్టాను. పిన్నీసు ఇనుమే, లోపలికి పోతే ఎగురుతుంది. ఆమె తాడు తీయనంటే తీయనంది. భర్త పక్కనే నిలబడి "నేను బతికే ఉన్న గదనే, తియ్యి" అన్నా వినలేదు. వెనుక కూర్చున్న ఇంకొక పేషెంట్ తల్లి సంచిలోంచి పసుపు కొమ్ము తీసింది, ఎవరి చీర కొంగునుంచో దారం లాగి కట్టింది. అది మెడలో పడ్డాకే పుస్తెలతాడు భర్త చేతికి వచ్చింది. అప్పటి నుంచి మా కౌంటర్ సొరుగులో పసుపు కొమ్ములూ నూలు దారమూ ఉంటాయి. మీరు ఇంటి నుంచే తెచ్చుకుంటే ఇంకా మంచిది.

ఒంటి లోపల ఉన్న లోహాన్ని మీరే చెప్పాలి, మాకు కనిపించదు. పేస్‌మేకర్, మెదడు ఆపరేషన్‌లో రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవి లోపల అమర్చిన కాక్లియర్ మెషీన్, ఇవి ఉంటే ఆ పరికరం కాగితం చూడకుండా లోపలికి పంపం. గుండె స్టెంట్లు, తుంటికి వేసిన రాడ్లతో సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా డిశ్చార్జి కాగితం తీసుకురండి. వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసినవాళ్లకు కంట్లో ఎప్పుడన్నా ఇనుప రజను పడిందా? "పడ్డది, డాక్టర్ తీసిండు" అన్నా చెప్పండి. ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూస్తాం.

లోపల 20 నుంచి 45 నిమిషాలు పడుకోవాలి. తల చుట్టూ జాలీ లాంటి తొడుగు ఉంటుంది. శబ్దం ఎట్లా ఉంటుందంటే, పక్క చేన్లో బోరు బండి దిగినట్టు. చెవులకు దూది ఇస్తాం. చేతిలో రబ్బరు బుడ్డ పెడతాం, భయమేస్తే పిసకండి, నేను ఆపేస్తాను. మీరు లోపలికి పోకముందే కళ్లు మూసుకోండి, పోయాక మూస్తే లాభం తక్కువ. తల కదిలితే ఫోటో చెదురుతుంది, మళ్లీ మొదలు. దగ్గు ఉన్న మనిషికి ముందు దగ్గు మందు ఇప్పించుకుని రండి.

చిన్న పిల్లలకు మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఎన్ని గంటల ముందు తినడం, పాలు ఆపాలో మత్తు డాక్టర్ చెప్తారు, "ఏడుస్తున్నడు" అని బిస్కెట్ పెట్టొద్దు. పెట్టి ఉంటే దాచొద్దు, కడుపు నిండా ఉన్న పిల్లాడికి మత్తు ప్రమాదం. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెస్తే కొందరికి మత్తు అవసరమే రాదు.

కాంట్రాస్ట్ అన్నప్పుడు

కణితి, చీము, టీబీ, పురుగు తిత్తి అనుమానం ఉంటే నరంలోకి మందు ఎక్కించి తీస్తారు. ఎంఆర్ఐలో గాడోలినియం, సీటీలో అయోడిన్. రెండిటికీ ముందు క్రియాటినిన్ రిపోర్టు అడుగుతాం, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పద్ధతి మార్చాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి. ఇంతకు ముందు ఏదైనా ఇంజెక్షన్‌కు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. గర్భం అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. సీటీలో రేడియేషన్ ఉంటుంది, తల సీటీ ఒకటి అంటే ప్రకృతిలో దాదాపు ఏడాది పాటు మన ఒంటికి తగిలేంత. అవసరమైన ఒక్క స్కాన్‌కు భయపడొద్దు, ప్రతి తలనొప్పికీ తీయించుకోవద్దు. ఎంఆర్ఐలో రేడియేషన్ అసలే లేదు.

ఈఈజీ రాస్తే

ఇది ఫోటో కాదు, మెదడు కరెంటు గీత. రాత్రి కుంకుడుకాయతోనో షాంపూతోనో తలస్నానం చేసి, నూనె పెట్టకుండా రండి. నూనె ఉంటే తీగలు అంటవు. తక్కువ నిద్రపోయి రమ్మంటారు. ఫిట్స్ గోళీలు మీ అంతట మీరు ఆపకండి, అన్నం మానకండి. గీత నార్మల్ వచ్చినా మూర్ఛ లేదని కాదు, ఆ అరగంటలో కనిపించలేదంతే. వీడియో ఎందుకు తీయమన్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

రిపోర్టు చేతికొచ్చాక

బస్సులో కూర్చుని ఒక్కో మాటా ఫోన్‌లో వెతుక్కుంటూ ఏడ్చినవాళ్లను చూశాను. ముందు చివర ఉన్న "ఇంప్రెషన్" చదవండి. "ఏజ్ రిలేటెడ్ అట్రోఫీ" అంటే వయసుతో మెదడు కొంచెం ముడుచుకోవడం, తల నెరిసినట్టే. "క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్" అంటే సన్నటి నాళాలు ఏళ్లుగా దెబ్బతిన్న గుర్తులు. ఈ మాటకు చేయాల్సిన పని ఉంది: బీపీ, షుగర్, బీడీ. "సైనసైటిస్" అని ఉంటే అది ముక్కు సంగతి. "క్లినికల్లీ కొరిలేట్" అంటే, ఫోటో నేను చూశాను, మనిషిని మీరు చూడండి అని రేడియాలజిస్ట్ డాక్టర్‌కు చెప్పడం.

"రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్" అన్న మాట చూసి క్యాన్సర్ అనుకుంటారు. మన దేశంలో ఫిట్స్ వచ్చినవాళ్ల స్కాన్‌లో ఆ చిన్న ఉంగరం చాలాసార్లు పంది బద్దెపురుగు తిత్తిదో, టీబీ గడ్డదో అయి ఉంటుంది. రెండూ మందులకు లొంగుతాయి. "మేం మాంసమే ముట్టం, మాకెట్ల వస్తది?" అని అడుగుతారు. ఆ పురుగు ఉన్న మనిషి మలం నుంచి గుడ్లు చేతుల మీదుగా, కడగని కొత్తిమీర, క్యారట్ మీదుగా ఎవరి నోట్లోకైనా పోతాయి. పంది మాంసం తినని ఇంట్లోనూ వస్తుంది. ఉంగరం ఎంత పెద్దది, లోపల చుక్క ఉందా, చుట్టూ వాపు ఎంత అన్నది చూసి డాక్టర్ రెండిటినీ విడదీస్తారు, కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీసి అది తగ్గిందా అని చూస్తారు. ఫిట్స్ ఆగిపోయాయని ఆ రెండో స్కాన్‌కు ఎగ్గొట్టకండి.

ఇదంతా సాధ్యమైంది 1971లో లండన్‌లో మొదటి సీటీ తీసినప్పటి నుంచి. దాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, పాటల రికార్డులు అమ్మే ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. 1979లో నోబెల్ ఇచ్చారు. అంతకు ముందు తలలో ఏముందో చూడాలంటే వెన్నులోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారట, రోగికి నరకం. మా సెంటర్ పాత రోగులు నన్ను తిట్టినప్పుడు ఈ ముచ్చట చెప్తుంటాను.

ఫిల్ములు

రిపోర్టు కాగితం ఒక్కటే దాచి ఫిల్ములు పారేసేవాళ్లున్నారు. కొత్త డాక్టర్‌కు కాగితం కన్నా బొమ్మ కావాలి, పాత బొమ్మ పక్కన పెడితేనే మచ్చ పెరిగిందా తగ్గిందా తెలుస్తుంది. సీడీ అడిగి తీసుకోండి. ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు, ఆసుపత్రిలో ఉంటుంది. ఫిల్ము ఫోటోను వాట్సాప్‌లో పంపితే డాక్టర్‌కు పనికిరాదు, ట్యూబులైటు వెలుగే కనిపిస్తుంది.

ఫిల్ములను చుట్ట చుట్టకండి, మడవకండి. బైకు ట్యాంకు మీద, కారు అద్దం కింద, రేకుల ఇంటి అటక మీద పెట్టకండి. మన మే నెల ఎండకు కొన్ని రకాల ఫిల్ములు నల్లబడిపోతాయి. బీరువాలో బట్టల కింద పరచండి. కవరు మీద పేరు, వయసు, తేదీ, "మెదడు" అనో "మెడ" అనో మార్కర్‌తో పెద్దగా రాయండి. ఒకాయన హైదరాబాద్ దాకా పోయి డాక్టర్ ముందు కవరు విప్పితే లోపల కోడలి మోకాలు ఫిల్ములున్నాయట. మళ్లీ మా దగ్గరికొచ్చాడు, మా కంప్యూటర్‌లో ఇంకా ఉన్నాయి కాబట్టి సీడీ చేసి ఇచ్చాను. ఆర్నెల్లు దాటితే అది కూడా ఉంటుందని చెప్పలేను.